కోలారు దిగులు, మద్రాసు దిగులు

కోరమండల్, కె.జి.ఎఫ్.
9 జూన్ 1993

ప్రేమా,

మన రెండిళ్ళ మధ్య ఉత్తరాలు ఎప్పుడూ మీ బావే వ్రాస్తారు. అడుగున రెండు వేళ్ళ జాగా వదిలి, "ఏమే, నీ మాటలు నువ్వు వ్రాసుకో" అని నా చేతికిస్తారు. నేను అందులో ఆశీర్వాదాలు ఇరికించి, అంతా దేవుడి దయ అని ముగిస్తాను. ఈసారి చెప్పవలసింది ఆ రెండు వేళ్ళ జాగాలో పట్టదు. అందుకే ఇన్నేళ్ళకు నేనే పెన్ను పట్టుకున్నాను.

మద్రాసునుంచి మేము వచ్చి నెల కావస్తోంది. స్టేషన్లో నువ్వు చెయ్యి ఊపలేదు. ఆ తరువాత కార్డు ముక్క కూడా లేదు. పోస్టుమాన్ పిల్లప్ప సైకిలు గంట వినబడితే చాలు, పొయ్యి మీద ఏమున్నా వదిలి గడపలోకి వస్తున్నాను. అతను తల ఎత్తకుండానే "ఈ పొద్దు ఏం లేదమ్మా" అని పోతున్నాడు.

నేను నవ్వాననే కదా నీ కోపం?

ఆ రోజు సముద్రం పక్క పార్కులో రోలర్ కోస్టర్ ఎక్కుదామన్నది మీ ఆయనే, మా మరిది శ్రీధర. మీ బావ ససేమిరా అన్నారు. "మమ్మల్ని రోజూ గని కేజ్‌లో నిలబెట్టి భూమి లోపలికి దింపి, పైగా జీతం ఇస్తారప్పా. దీనికి నేను దుడ్డిచ్చి ఎక్కాలనా?" అని బొరుగుల పొట్లం పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. నువ్వు కూడా మొదట వద్దన్నావు. "మౌంట్ రోడ్డులో లారీల మధ్య స్కూటర్ నడిపేదానివి, నీకు ఇదొక లెక్కా!" అన్నాడు శ్రీధర. నేను ఎక్కుతానంటే మాత్రం అందరూ నవ్వారు. ఏకాదశులు ఉండేదాన్ని, పక్క గదిలోకి కూడా నా గొంతు వినబడదని మీ బావ చేత ఎగతాళి చేయించుకునేదాన్ని.

బండి పైకి పోతున్నంతసేపు విష్ణు సహస్రనామం చదువుకున్నాను. కొనకు చేరి ఒక్క క్షణం ఆగింది. ఒక పక్క సముద్రం, కింద బొరుగులు నములుతూ గుప్పెడంత మీ బావ. తరువాత పడిపోయాము. నామం నోట్లోనే ఆగింది. కడుపు పైనే ఉండిపోయి నేనొక్కదాన్నే కిందికి వచ్చినట్టయింది. అప్పుడు వచ్చిందమ్మా ఆ నవ్వు. ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. పక్కన నువ్వు కేకలు పెడుతున్నావు, నీ గోళ్ళు నా ముంజేతిలో దిగుతున్నాయి, నేను నవ్వుతూనే ఉన్నాను. దిగిన తరువాత నువ్వు గోడ వారన వాంతి చేసుకుంటుంటే నీ వీపు నిమురుతూ కూడా నవ్వాను. నువ్వు తల ఎత్తి చూసిన చూపు నన్ను ఇంకా వదలలేదు.

నిన్ను చూసి నవ్వలేదు ప్రేమా. ఒక తల్లికి పుట్టిన ఇద్దరం, ఒకే సీటులో ఒకే కడ్డీ కింద కూర్చున్నాం. నాకు రెక్కలు వచ్చినట్టుంటే నీకు ప్రాణం పోయినట్టు ఎందుకుందో నాకు అంతుపట్టడం లేదు.

నాకు తోచిన కారణం ఒకటే, నీకు దిగులు. చిన్నప్పటినుంచీ ఉన్నదే. పెళ్ళయి మద్రాసు చేరాక పోయిందనుకున్నాను. పోలేదు, లోపలే ఉంది, ఆ రోజు నీ ముఖంలో కళ్ళారా చూశాను. ఇన్నేళ్ళు ఎవరితోనూ అనకుండా దాచుకున్నావేమో. ఇక్కడ గనివాళ్ళ లైన్ల ఇళ్ళలో సొన్నమ్మ అని ఒకామె మంత్రించి దిగులు తీస్తుంది. మనిషి దూరంలో ఉంది, ఫొటో పెట్టి తీస్తావా అని అడిగితే, "ఫొటోకు యాడన్నా దిగులు ఉంటాదా అమ్మా?" అని నన్నే దబాయించింది. అయినా బతిమాలి తీయించాను. పసుపు దారం ఇందులో పెట్టాను, కట్టుకో. మీ అత్తగారికి చెప్పు. పెద్దావిడ, దిగులు పట్టిన పిల్లను ఎట్లా చూసుకోవాలో ఆమెకు తెలిసే ఉంటుంది.

టేకల్ నుంచి మామిడిపళ్ళు వచ్చాయి. నువ్వు లేకుండా కోయబుద్ధి కాలేదు.

మీ అక్క
వత్సల


మద్రాసు
18 జూన్ 1993

అక్కకు,

ఉత్తరం అందింది. మా ఇంట్లో ఎవరికి ఉత్తరం వచ్చినా భోజనాల దగ్గర ఈయన గట్టిగా చదివి అందరికీ వినిపించడం అలవాటని నీకు తెలుసు. మే నెలలో నువ్వే చూసి, బాగుందే అని మెచ్చుకున్నావు కూడా. నీ ఉత్తరమూ అట్లాగే చదివారు. నవ్వు దాకా అందరూ సరదాగా విన్నారు. దిగులు దగ్గరికి వచ్చేసరికి ఈయన గొంతు తగ్గింది. ఆపకుండా చివరిదాకా చదివి, కాగితం మడిచి, చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయారు.

అత్తగారు కంచం ముందునుంచి లేవలేదు. "మా ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్ళయింది కదమ్మాయ్. తెనాలి వాళ్ళం, నోరు కాస్త పెద్దదే కానీ నిన్నేనాడూ పరాయిదానిగా చూడలేదే! దిగులేంటి నీకు? అదీ నేను చూసుకోలేదని ఎక్కడో కోలారునుంచి మీ అక్క రాసి తెలియజెయ్యాలా?" అన్నారు.

నేను పెరుగు తేవడానికి లేచాను.

ఆ మాట ఎందుకు వ్రాశావక్కా? వ్రాసేముందు నన్ను అడగకూడదా?

నువ్వు నవ్వినందుకు నాకేమీ లేదు. నవ్వు వస్తే నవ్వావు.

ప్రేమ


కోరమండల్
25 జూన్ 1993

ప్రేమా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. నేను ఏం తప్పు మాట వ్రాశాను? ఎంత తిరగేసి చూసినా తెలియడం లేదు. సొన్నమ్మ చేత తీయించానని వాళ్ళకు నామోషీ అయిందా? పట్నంలో ఉన్నవాళ్ళు ఇటువంటివి నమ్మరేమో, ఆ సంగతి నాకు తట్టలేదు. దారం కట్టుకోకపోతే మానె.

కానీ దిగులు ఉందంటే అవమానం ఏముంది? దిగులు లేని ఆడది ఎక్కడైనా ఉందా? మీ అత్తగారికి మాత్రం ఉండదా? ఆమె చెప్పుకోకపోవచ్చు. నాకు లేదా? ఇక్కడ రోజూ గనులు మూస్తారని ఒకరు, మూయరని ఒకరు. గని మన్ను పోసిన సైనైడ్ దిబ్బల మీది దుమ్ము గాలికి లేచి వంటింట్లోకి వస్తోంది, ఎన్నిసార్లు ఊడ్చినా మళ్ళీ కాలికి తగులుతుంది. నా మనసూ అట్లాగే ఉంది. కూర్చోలేను, పడుకోలేను. దీపం పెట్టి నామాలు మొదలుపెడితే సగంలో నీ ముఖం వస్తుంది.

నా మాట విను. మరిదిని అడిగి పదిరోజులు ఇక్కడికి రా. అక్కడే ఉంటే నీ దిగులు పోదు. ఇక్కడ నా దగ్గర ఉంటే పోతుంది. సొన్నమ్మ కూడా అదే మాట అంది. "ఆ యమ్మను ఈడికి పిలిపించుకో అమ్మా. మూడు ఆదివారాలు తీస్తే ఇంగ జన్మలో రాదు" అని. మరిదికి ఇబ్బంది లేకుండా మీ బావ బంగారుపేట స్టేషను దాకా వచ్చి పిలుచుకుని వస్తారు. నేను ఇట్లా అన్నానని మీ అత్తగారితో కూడా చెప్పు.

అక్క
వత్సల


మద్రాసు
6 జూలై 1993

అక్కా,

చెప్పవలసిన పని లేకపోయింది. అదీ భోజనాల దగ్గరే చదివారు.

"ఇక్కడ ఉంటే పోనిదీ, అక్కడికెళితే పోయేదీ ఏమిటో మీ అక్కయ్యనే అడగాలి" అన్నారు ఈయన. తరువాత హాల్లో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, "వెళ్తావా? వెళ్తే టిక్కెట్టు తీస్తాను" అన్నారు. ఆ పేపరు తలకిందులుగా ఉంది. అది చూస్తే నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

అత్తగారు వారంనుంచి నన్ను అమ్మాయ్ అని పిలవడం లేదు. "ఇదిగో" అంటున్నారు. నేను కలిపిన కాఫీ తాగుతున్నారు కానీ వేడిగా ఉందనో చల్లారిందనో అనడం లేదు. ఆవిడకు వంక పెట్టకుండా కాఫీ దిగిందంటే ఎంత బాధపడుతున్నారో నీకు తెలియదు.

ఇక మీద ఇంటికి వ్రాయకు. నేను పనిచేసే టెలిఫోన్ ఎక్స్ఛేంజి చిరునామా కింద ఇస్తున్నాను. ఆ చిరునామా కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. ఉన్నన్నాళ్ళు వ్రాయి.

ప్రేమ


కోరమండల్
20 జూలై 1993

నా తల్లీ ప్రేమా,

నన్ను క్షమించు. నాకు మొన్న శుక్రవారం తెలిసింది.

రాబర్ట్‌సన్‌పేటలో లలితా పారాయణానికి వెళ్ళాను. బ్యాంకుకు కొత్తగా వచ్చిన మేనేజరు భార్య, గుంటూరు ఆవిడ, నా పక్కన కూర్చుంది. మీ పిల్లలేం చేస్తారు, చెల్లెలెక్కడ ఉంటుంది అని అడుగుతుంటే, "మా చెల్లెలికి రోలర్ కోస్టర్ ఎక్కి దిగులు పట్టిందండీ" అన్నాను.

"అయ్యో, అది ఎక్కితే దిగులెందుకండీ? ఏమన్నా పోగొట్టుకున్నారా?"

"పోగొట్టుకునేది ఏముందండీ, పడినప్పుడు గుండె అదిరింది."

"దాన్ని భయం అంటారు కదండీ! దిగులంటే మనసులో బాధ. కాపురంలో ఏదన్నా ఇబ్బందుంటే దిగులు పడతారు."

నా చేతిలో కుంకుమ అట్లాగే ఉంది. ప్రసాదం కూడా తీసుకోకుండా ఇంటికి వచ్చేశాను. మీ బావతో చెబితే "కన్నడంలో దిగిలు అంటే భయమే కదే! మనది పుట్టుకనుంచి కలిపి కొట్టిన తెలుగు. ఆ తెనాలి వాళ్ళకు యాడ తెలస్తాది?" అని పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏం వ్రాశానో ఒక్కొక్క మాటే గుర్తుకు వస్తోంది. ప్రేమకు దిగులు. పెళ్ళయినా పోలేదు. లోపల దాచుకుంది. మీ ఇంట్లో ఉంటే పోదు, నా దగ్గరికి పంపించండి. రామ రామ! ఎవరైనా ఊరుకుంటారా?

ఈ ఉత్తరం మీ అత్తగారికి, మరిదికి చదివి వినిపించు. మా కోలారులో దిగులంటే ఉలికిపాటు, భయం, అంతే. నా చెల్లెలు మీ ఇంట్లో సుఖంగా ఉందని నాకు తెలుసు. అక్షరం తెలిసి కూడా మాట తెలియని దాన్ని, మన్నించమని నేను చేతులు జోడించానని చెప్పు.

ఇక నీకు మాత్రం ఒక మాట. ఎందుకు నవ్వానో ఈ మధ్య పని చేసుకుంటూ ఆలోచిస్తున్నాను. పెళ్ళయినప్పటినుంచి మీ బావ లోపలికి దిగుతారు, నేను పైన ఉంటాను. భూమి లోపల రాయి పగిలి ఎయిర్ బ్లాస్ట్ అయినప్పుడు ఇక్కడ గిన్నెలు అలమారనుంచి కింద పడతాయి. గిన్నెలు ఏరి సర్దుతాను, సైరన్ కోసం చెవులు రిక్కించి నిలబడతాను, పక్కింటివాళ్ళు అడిగితే ఏం లేదమ్మా అంటాను. ఆయన గుమ్మంలోకి వచ్చేదాకా నాకు కిందా లేదు, పైనా లేదు. మరుసటి పొద్దున మళ్ళీ పంపించాలి. ఆ రోజు పార్కులో మాత్రం పడింది నేను. ఆయన బెంచీ మీద భద్రంగా ఉన్నారు. నాకు రవ్వంత కూడా ఆయన గురించి ఆలోచన లేదు. ఎంత లోతు పడతానో కంటికి కనబడుతోంది, ఎక్కడ ఆగుతుందో కూడా కనబడుతోంది. అంత తొందరగా అయిపోయే భయం నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు ప్రేమా. అందుకే నవ్వు వచ్చిందనుకుంటాను.

కానీ నీకు ఎందుకు రాలేదో ఇంకా తెలియదు. ఎయిర్ బ్లాస్టులకు చిన్నప్పుడు నువ్వు నా ఒళ్ళో దూరేదానివి. అదేనా?

నీ ఆఫీసు వేరే చోటికి మారుస్తున్నారా? కొత్త చిరునామా వెంటనే వ్రాయి.

నీ అక్క
వత్సల


మద్రాసు
2 ఆగస్టు 1993

అక్కా,

నీ ఉత్తరం నా ఆఫీసు సొరుగులోనే ఉంది. ఎవరికీ చదివి వినిపించలేదు. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

నాకు మొదటి రోజే తెలుసు. ఈయన చదువుతున్నప్పుడే, నువ్వు వ్రాసింది మన దిగులని తెలుసు. పద్దెనిమిదేళ్ళకే మన భాష మరిచిపోతానా? "అత్తయ్యా, మా ఊళ్ళో దిగులంటే భయం" అంటే సరిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు. నోటిదాకా వచ్చింది. అప్పుడే ఆవిడ "దిగులేంటి నీకు?" అన్నారు.

అంతవరకు ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదక్కా. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అడగవలసిన అవసరం కనబడలేదు, అంతే. నేను స్కూటర్ నడిపేదాన్ని, నైట్ డ్యూటీలు చేసేదాన్ని, ధైర్యం గలదాన్ని. అడిగేసరికి లేదని చెప్పడానికి నోరు రాలేదు.

అత్తగారికి చూపు తగ్గుతోంది. ఈ వేసవిలో ఈయన, "ఉద్యోగం మానేసి అమ్మను చూసుకో ప్రేమా. నా జీతం చాలు. ఏం కాదు" అన్నారు. నేను మానతాననలేదు, మాననని కూడా అనలేదు. మాననని అనకపోవడమే వాళ్ళకు మానతానన్నట్టు అయింది. ఈ నెలాఖరుకు రాజీనామా ఇవ్వాలి. నీ దగ్గర చెప్పలేదు, మీరు సంతోషంగా చూడవచ్చిన ఇంట్లో ఎందుకని. ఎక్స్ఛేంజిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే ఎక్కడెక్కడి గొంతులో నా చేతి కింద కలుసుకుంటాయి. ఆ సీటు నాది. దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కావడం లేదు.

ఎయిర్ బ్లాస్టులు కాదక్కా. ఆ రోజు ఎక్కనని రెండుసార్లు అన్నాను. వెనక సీట్లోనుంచి ఈయన "ఏం కాదు ప్రేమా, ఏం కాదు" అంటూనే ఉన్నారు. స్కూటర్ ఎంత వేగంగా పోయినా బ్రేకు నా చేతిలో ఉంటుంది. అక్కడ ఒళ్ళోకి దిగిన కడ్డీ తప్ప ఇంకేమీ లేదు. బండి కొన మీద ఆగినప్పుడు, దిగిపోతానంటే వినేవాళ్ళు లేరు. ఆ మాట అరిచాను కూడా. అందరూ కేకలు పెడుతున్నారు కదా, నాదీ ఒక కేకే అయింది. నువ్వు నీ అంతట నువ్వు ఎక్కావు. నన్ను ఎక్కించారు. బండి ఒకటే, పడటం ఒకటి కాదు.

నువ్వు నవ్వినందుకు కాదు కోపం, పక్కనే ఉండి నువ్వు కూడా వినలేదని.

నిన్న ఆదివారం అత్తగారు మేడ మీద అప్పడాలు ఎండబెడుతూ, నా వంక చూడకుండా అన్నారు. "అమ్మాయ్, మీ అక్క రాసింది అబద్ధమైతే చెప్పు, ఆ మాటింక ఎత్తను. నిజమైతే అదీ చెప్పు. నేనేమన్నా పుట్టుకతోనే అత్తనా?" మళ్ళీ అమ్మాయ్ అన్నారు. "కాకి వస్తోంది చూడండి" అని మాట మార్చాను.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే అందరి మనసులూ తేలికపడతాయి. నీ మీద కోపమూ పోతుంది. కానీ ఆ ప్రశ్న కూడా పోతుంది. ఇంక ఎవరూ అడగరు. నెలాఖరు వచ్చేస్తుంది.

ఏం చేయమంటావు?

ప్రేమ


కోరమండల్
9 ఆగస్టు 1993

ప్రేమా,

నీ ఉత్తరం వచ్చిన రోజు పప్పు, చింతపండు తేవాలని రాబర్ట్‌సన్‌పేట పోయి, బజారంతా తిరిగి ఉత్తచేతులతో వచ్చాను. మీ బావ సంచీలోకి తొంగి చూశారు. "ఏమే, తెనాలి వాళ్ళకు అర్థమయిందంటనా?" అని మాత్రం అడిగారు. ఇంకా జాబు రాలేదన్నాను. నీ ఉత్తరం నా పూజా పెట్టెలో ఉంది. ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అది. అబద్ధమాడి పూజకు కూర్చోలేక రెండు రోజులు దీపం ఒక్కటి పెట్టి లేచిపోయాను. దేవుడు ఇట్లా చెయ్యమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. నేనే తేల్చుకోవాలని ఊరుకున్నాడేమో.

తేల్చుకున్నాను. ఆ జూలై ఉత్తరం వాళ్ళకు చదవవద్దు.

కోలారులో వ్రాసినప్పుడు ఆ మాటకు ఒక అర్థం. మద్రాసు చేరేసరికి ఇంకొకటి అయింది. అయినా పంపినది నేనే. నీ విషయంలో అక్కడి అర్థమే నిజమైనప్పుడు, అది నాది కాదని నేనెందుకు చెప్పుకోవాలి? నీ ఇంట్లో వాళ్ళు నన్ను పుల్లలు పెట్టే మనిషి అనుకుంటే అనుకోనీ. నేను రోజూ ఆ గుమ్మం తొక్కేదాన్ని కాదు కదా.

నువ్వు దిగిపోతానని అరిచింది నిజంగా నాకు వినబడలేదు. ఇప్పుడు వినబడింది.

రాజీనామా ఇవ్వవద్దు. నేను ఎవరికీ ఇట్లా చెయ్యి, అట్లా చెయ్యి అని చెప్పినదాన్ని కాదు, నీకు తెలుసు. ఇప్పుడు చెబుతున్నాను. మీ అత్తగారిని చూసుకోవడానికి దారులు ఉంటాయి, కూర్చుని మాట్లాడుకుంటే దొరుకుతాయి. కానీ నీకు ఇష్టం లేదన్న సంగతి వాళ్ళకు తెలియకుండా ఏం మాట్లాడుకుంటారు? ఆమె మళ్ళీ అడుగుతుంది. నీ గొంతు పెగలకపోతే పెగిలేదాకా ఆమె ముందు నిలబడు. కాకుల మీదికి మళ్ళించవద్దు.

ఇందులో విడిగా ఒక కాగితం పెట్టాను. దానిలో ఉన్నది ఇంతే:

"పెద్దలు రాజలక్ష్మమ్మగారికి, శ్రీధరకు వత్సల నమస్కరించి వ్రాయునది. ప్రేమకు దిగులుగా ఉందని నేను వ్రాసినది నిజమే. అది మీవల్ల కలిగిందని కాదు. అది ఏమిటో చెప్పే హక్కు నాకు లేదు, ప్రేమనే అడగండి. ఏం లేదంటే నమ్మకండి. చెప్పేదాకా అడగండి. ఇంతకన్నా నేను కోరేది లేదు."

ఆ కాగితం భోజనాల దగ్గర మరిది చేతికే ఇచ్చి, ఎప్పటిలాగా గట్టిగా చదవమను. చదివేటప్పుడు నువ్వు అక్కడే ఉండు, నీళ్ళకనో పెరుగుకనో లేచిపోవద్దు.

జూలై ఉత్తరమూ, ఈ ఉత్తరమూ నీ దగ్గర దాచుకో. చింపవద్దు, ఎవరికీ చూపించవద్దు.

అక్క